లిటరరీ డివైజ్‌ల జాబితా బట్టీ పడితే క్లాట్ వస్తుందా?

ప్రశ్న: సార్, మా అమ్మాయి కరీంనగర్‌లో సీబీఎస్‌ఈ స్కూల్లో పదో తరగతి చదువుతోంది. ఏడో తరగతి దాకా తెలుగు మీడియం. మిగతా సబ్జెక్టులు ఫర్వాలేదు గానీ ఇంగ్లిష్‌లో మార్కులు తెగుతున్నాయి. లా చదువుతానని, జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాస్తానని అంటోంది. ట్యూషన్‌లో ముప్పై లిటరరీ డివైజ్‌ల (సిమిలీ, మెటాఫర్ లాంటి అలంకారాలు, ప్రయోగాలు) జాబితా ఇచ్చారు. రోజుకు ఇరవై కొత్త పదాలు కూడా ఇస్తున్నారు. రాత్రి పదిన్నర దాకా బట్టీ పడుతోంది, నేనే అప్పజెప్పించుకుంటున్నాను. అయినా మొన్నటి టెస్టులో 80కి 47. ఆన్‌లైన్‌లో ఒక వొకాబులరీ కోర్సు చూశాం, ఫీజు వేలల్లో ఉంది. చేర్పించమంటారా? లేక లా ఆలోచన మాన్పించి ఎంపీసీలో వేయమంటారా? ఇంట్లో అందరికీ ఇదే టెన్షన్.

జవాబు: కోర్సు వద్దండి. ముందు ఆ టెస్టు పేపర్ తెప్పించి, పోయిన 33 మార్కులు ఎక్కడ పోయాయో చూడండి. తెలుగు మీడియం నుంచి వచ్చి మూడో ఏడాదికి 47 అంటే తీసిపారేయాల్సిన మార్కులు కావు.

సీబీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లిష్ పరీక్ష 80 మార్కులకు ఉంటుంది. అందులో రీడింగ్‌కు 20, గ్రామర్, రైటింగ్ కలిపి 20, లిటరేచర్‌కు 40. ఆ నలభైలో 'ఈ లైనులో ఏ పొయటిక్ డివైజ్ ఉంది' అని సూటిగా అడిగేది ఒకటి రెండు మార్కులకే. ముప్పై పేర్లూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పినా వచ్చేవి అవే. మిగతావన్నీ కవి ఆ మాట ఎందుకు వాడాడు, ఆ పాత్ర అలా ఎందుకు చేసింది అని అడిగే ప్రశ్నలు. వాటికి జాబితా అక్కరకు రాదు.

మీ అమ్మాయి పాఠ్యపుస్తకంలోనే కార్ల్ శాండ్‌బర్గ్ రాసిన 'ఫాగ్' అనే ఆరు లైన్ల పద్యం ఉంది. పొగమంచు పిల్లి పాదాలతో వస్తుంది, కూర్చుని రేవునీ ఊరినీ చూస్తుంది, తర్వాత లేచి వెళ్లిపోతుంది. పద్యం అంతే. దీన్ని చూపించి డివైజ్ ఏదని అడిగితే చాలామంది పిల్లలు 'సిమిలీ' అంటారు, అంటే 'లైక్', 'యాజ్' లాంటి మాటతో చెప్పే పోలిక. పోలిక కనిపించగానే నోటికి వచ్చేది అదే మరి. కానీ ఆ ఆరు లైన్లలో 'లైక్' లేదు, 'యాజ్' లేదు. పొగమంచు పిల్లిలా ఉందని కవి ఎక్కడా అనలేదు, పొగమంచుకే పిల్లి పాదాలు తగిలించాడు. కాబట్టి అది మెటాఫర్. కాస్త చదివిన పిల్లలు 'మెటాఫర్, ఫాగ్‌ను క్యాట్‌తో పోల్చారు' అని రాసి ఆపేస్తారు. అది సగం జవాబే. పిల్లే ఎందుకు, కుక్క ఎందుకు కాకూడదు? కుక్క వస్తే వీధి వీధంతా తెలుస్తుంది. పిల్లి చప్పుడు లేకుండా వస్తుంది, దానికి ఒకరు పిలవక్కర్లేదు, కాసేపుండి తన ఇష్టం వచ్చినప్పుడు పోతుంది. ఈ మాటలు చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాసినా చాలు, జవాబు పూర్తవుతుంది. పేరు చెప్పాక 'ఎందుకు' అని తనే ఒక ప్రశ్న వేసుకుని ఇంకో రెండు వాక్యాలు రాయడం, ఆమెకు ఇప్పుడు కావాల్సిన సాధన అదొక్కటే.

ఆ ముప్పైలో పది ఉంచి మిగతావి పక్కన పెట్టేయమనండి. సిమిలీ, మెటాఫర్, పర్సానిఫికేషన్, అలిటరేషన్, రిపిటిషన్, రైమ్ స్కీమ్, ఇమేజరీ, సింబల్, ఐరనీ, ట్రాన్స్‌ఫర్డ్ ఎపితెట్ వస్తే పదో తరగతికి సరిపోతుంది. తెలుగు మీడియం అని మీరు దిగులుగా రాశారు గానీ, నిజానికి ఇక్కడ అది కలిసొచ్చే విషయం. తెలుగు సెకండ్ లాంగ్వేజ్‌గా ఉంటే ఉపమ, రూపకం, అంత్యానుప్రాస ఆమెకు ఎలాగూ తెలుసు, సిమిలీ, మెటాఫర్, రైమ్ వాటికి దగ్గరివే. ఒక్క అలిటరేషన్ దగ్గర మాత్రం జాగ్రత్త. వృత్త్యనుప్రాసలో హల్లు పదంలో ఎక్కడ తిరిగొచ్చినా చెల్లుతుంది. అలిటరేషన్‌లో పదాల మొదటి ధ్వని కలవాలి, అదీ వినిపించే ధ్వని, స్పెల్లింగ్ కాదు. 'నైఫ్' 'కే' అక్షరంతో, 'నైట్' 'ఎన్' అక్షరంతో మొదలైనా అవి కలుస్తాయి. 'క్యాట్', 'సిటీ' రెండూ 'సి'తోనే మొదలవుతాయి గానీ కలవవు. ఇక ట్రాన్స్‌ఫర్డ్ ఎపితెట్ పేరు వింటేనే పిల్లలు హడలిపోతారు. మనం 'నిద్రలేని రాత్రి' అంటాం కదా, నిద్ర లేనిది మనిషికి గానీ రాత్రికి కాదు. అందులో అంతకు మించి ఏమీ లేదు.

రోజుకు ఇరవై పదాలు మాత్రం ఇవాళే ఆపించండి. ఆదివారానికి మరిచిపోవడం ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. ఒక పదానికి ఒకే అర్థం అంటించి నేర్చుకోవడం అంతకంటే నష్టం. 'అప్రీషియేట్' అంటే మెచ్చుకోవడం అని బట్టీ పట్టిన పిల్ల, డాలర్‌తో రూపాయి 'అప్రీషియేట్' అయిందన్న వాక్యం దగ్గర తెల్లమొహం వేస్తుంది. అక్కడ దాని అర్థం విలువ పెరగడం. 'క్వాలిఫైడ్ సపోర్ట్' అంటే షరతులతో కూడిన మద్దతు. 'శాంక్షన్' ఒకచోట అనుమతి, ఇంకోచోట ఆంక్ష, శిక్ష. లా చదవాలనుకునే పిల్లకు ఈ చివరిది రోజూ ఎదురయ్యే మాట. ప్యాసేజ్‌లలో పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇలా తెలుసనుకున్న మాటల దగ్గరే.

వారానికి పది పదాలు చాలు, అవి కూడా తను చదువుతుండగా తగిలినవై ఉండాలి. నోట్‌బుక్‌లో ముందు ఆ వాక్యం మొత్తం ఎక్కించమనండి. కింద తను ఊహించిన అర్థం రాయాలి, ఆ తర్వాతే ఇంగ్లిష్ టు ఇంగ్లిష్ డిక్షనరీ తెరవాలి. డిక్షనరీలో కనిపించే నాలుగైదు అర్థాల్లో ఈ వాక్యానికి అతికేది ఏదో తనే ఏరుకోవాలి. ఊహ తప్పినా కొట్టేయొద్దు, నెల తిరిగాక అవే చూసుకుంటే తను ఎలాంటి చోట పొరబడుతోందో తెలుస్తుంది. మీరు అప్పజెప్పించుకునే టైములో, ఇంగ్లిష్ పేపర్‌లో చదివిన ఒక ఎడిటోరియల్‌ను తెలుగులో చెప్పమనండి. ఎక్కడ నీళ్లు నమిలిందో అక్కడ అర్థం కాలేదన్నమాట. దీనికి మీకు ఇంగ్లిష్ రానక్కర్లేదు.

క్లాట్ విషయానికి వస్తే, 2020 నుంచి ఆ పేపర్ అంతా ప్యాసేజ్‌ల మీదే నడుస్తోంది. ఇప్పుడు రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఇంగ్లిష్ సెక్షన్ వాటా ఐదో వంతు లెక్కన కనిపిస్తుంది గానీ, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, కరెంట్ అఫైర్స్ కూడా సుమారు 450 పదాల ప్యాసేజ్ చదివాకే చేయాలి. పదాల పుస్తకంతో ఆ వేగం రాదు. ఇప్పటి నుంచి రోజుకు అరగంట చదివితే ఇంటర్ రెండో ఏడాదికి వస్తుంది. హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీకైనా, విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకైనా క్లాటే దారి. రాష్ట్ర స్థాయి లా ప్రవేశ పరీక్ష లాసెట్ తీరు వేరు. ఐదేళ్ల కోర్సు పరీక్షలో జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ ఒక భాగం, కరెంట్ అఫైర్స్ ఇంకొకటి, లా ఆప్టిట్యూడ్ మూడోది. ఇంగ్లిష్‌కు విడిగా సెక్షన్ లేదు. రెండూ రాయించండి. ఈ రెండేళ్లలో మనసు లిటరేచర్ మీదికి మళ్లినా కంగారు పడకండి, ఆ చదువులకు హైదరాబాద్‌లోనే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉంది, 2007 నుంచి అది సెంట్రల్ యూనివర్సిటీ.

క్లాట్‌కు ఇంటర్‌లో ఏ గ్రూపైనా చెల్లుతుంది. జనరల్ వాళ్లకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుంటే రాయొచ్చు. జేఈఈ టైంటేబుల్‌తో నడిచే ఎంపీసీలో వేస్తే మాత్రం ఆ రోజువారీ అరగంట చదువు మొదటి నెలలోనే ఎగిరిపోతుంది, కాబట్టి నేను వద్దనే అంటాను. లెక్కలంటే ఇష్టముంటే ఎంఈసీ, లేదంటే సీఈసీ. అదే స్కూల్లో హ్యుమానిటీస్ ఉంటే ఇంకా మేలు, ఎందుకంటే అక్కడ పన్నెండో తరగతిలోనూ ఇంగ్లిష్ పేపర్ ఇదే తరహాలో ఉంటుంది. ప్రీబోర్డ్ రాశాక ఆ ఇంగ్లిష్ పేపర్ జిరాక్స్ పంపండి, లిటరేచర్ జవాబులు చూశాక గ్రూపు సంగతి ఖాయం చేద్దాం.