డీ-అడిక్షన్ సెంటర్ నర్సును, కౌన్సిలర్‌ను అవార్డుకు పంపాలంటే దరఖాస్తులో ఏం రాయాలి?

మా సెంటర్‌లో నైట్ డ్యూటీ చేసే స్టాఫ్ నర్సునూ, ఓ కౌన్సిలర్‌నూ మానసిక ఆరోగ్యం, డీ-అడిక్షన్ సేవల అవార్డుకు నామినేట్ చేద్దామనుకుంటున్నాం, ఏం రాస్తే బాగుంటుంది, అసలు ఈ అవార్డులకు విలువేమైనా ఉందా అని అడిగారు. నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా చాలాకాలం వార్డుల్లో పనిచేశాను. తర్వాత ఇలాంటి అవార్డుల ఎంపిక కమిటీల్లో కూర్చుని దరఖాస్తులు చదివాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు విలువ సంగతి. ఈ రంగంలో అవార్డులు ఘోరంగా దారితప్పిన సందర్భాలున్నాయి. 1949లో వైద్యశాస్త్ర నోబెల్‌లో సగం పోర్చుగల్ న్యూరాలజిస్టు ఎగాస్ మోనిజ్‌కి ఇచ్చారు. దేనికంటే, మెదడు ముందుభాగంలోని నరాల తంతువుల్ని తెగ్గోసే ల్యూకోటమీ ఆపరేషన్‌కి. 1936లో ఆయన మొదటగా 20 మంది రోగుల ఫలితాలు బయటపెట్టాడు. ఆపరేషన్ తర్వాత వాళ్లని గమనించింది చాలా కొద్దికాలమే. రోగి అరవడం మానేశాడు, వార్డు సద్దుమణిగింది, అదే విజయమైపోయింది. తర్వాతి కాలంలో ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల కుటుంబాలు ఆ బహుమతిని రద్దు చేయమని అడిగాయి. విచిత్రం ఏమిటంటే, అదే 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ఉన్మాద దశలో ఉన్న పదిమందికి లిథియం అనే మందు ఇచ్చి చూసిన ఫలితాలు ఓ జర్నల్‌లో అచ్చువేశాడు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. లిథియం మాత్రం ఇవాళ్టికీ రాస్తున్నారు.

అలాగని అవార్డులు దండగ అనను. హెరాయిన్‌కి అలవాటుపడినవాళ్లకి, అదే కోవకు చెందిన మెథడోన్ అనే మందుతో చికిత్స మొదలుపెట్టిన విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్‌ల సంగతి చూడండి. 1965లో వాళ్లు 22 మంది రోగులతో తొలి ఫలితాలు ప్రచురించారు. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగడుతున్నారు" అన్న మాట వాళ్లు ఏళ్ల తరబడి పడాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ మాట అనేవాళ్లున్నారు లెండి. 1988లో డోల్‌కి లాస్కర్ అవార్డు వచ్చింది. వైద్యప్రపంచం ఎంతో గౌరవించే బహుమతి అది. ఇది నిఖార్సైన వైద్యమేనని చెప్పుకోవడానికి అలాంటి గుర్తింపు పనికొస్తుంది. కానీ రోగుల మధ్య ఏళ్లుగా పనిచేసిన సైకియాట్రిస్టు నిస్వాండర్ అప్పటికే, 1986లోనే చనిపోయారు. అందుకే మీ నర్సు రిటైరయ్యాక చూద్దాం అనుకోకుండా ఇప్పుడే పంపుతున్నందుకు సంతోషం.

ఇక దరఖాస్తు. కమిటీకి వచ్చే కాగితాల్లో ఎక్కువగా కనిపించేది "మా దగ్గర చేరినవాళ్లలో దాదాపు అందరూ పూర్తిగా మానేశారు" అన్న వాక్యం. రాసినవాళ్లకి అది బలం అనిపిస్తుంది. ఈ పని తెలిసినవాళ్లకి మాత్రం అక్కడే అనుమానం మొదలవుతుంది. చికిత్స తీసుకున్నవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు మొదలెడతారన్నది అందరూ చెప్పుకునే అంచనా. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడమూ ఇంచుమించు అలాగే ఉంటుంది. కాబట్టి అందరూ మానేశారంటే నా మొదటి ప్రశ్న, ఎవర్ని లెక్కపెట్టారని. కోర్సు పూర్తిచేసినవాళ్లనేనా, మూడోరోజు గొడవపడి వెళ్లిపోయినవాళ్లని కూడానా? డిశ్చార్జి రోజున అడిగారా, ఏడాది తర్వాతా? నా ఉద్దేశంలో ఒక సెంటర్ గొప్పదో కాదో మానేసినవాళ్ల సంఖ్య కంటే, వెళ్లిపోయినవాడు మళ్లీ తాగి గేటు దగ్గరికొస్తే లోపలివాళ్లు ఏమన్నారో అదే బాగా చెబుతుంది. "మళ్లీ వచ్చావా" అన్నారా, "వచ్చావు, మంచిపని చేశావు" అన్నారా? మీ దరఖాస్తులో దానికి ఒక పేరా ఇవ్వండి.

నర్సు గురించి రాయడం కష్టం. ఎందుకంటే ఆవిడ పని బాగా చేసిన రాత్రి ఏమీ జరగదు. తాగుడు ఆపిన కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. రెండు మూడు రోజుల్లో కొందరికి డెలీరియం, అంటే మతి తప్పి లేనివి కనిపించే స్థితి వస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. రాత్రి రెండింటప్పుడు ఆ రోగి అరవకపోవచ్చు. దుప్పటి మీద లేనిదేదో గిల్లి తీస్తుంటాడు, గోడకేసి మాట్లాడుతుంటాడు. అనుభవం లేనివాళ్లు చూస్తే నిద్రపట్టక సణుగుతున్నాడనుకుంటారు. మంచి నర్సు చేతులు చాపమంటుంది, ఇది ఏ ఊరు, ఏ వారం అని అడుగుతుంది, పల్స్ చూస్తుంది, డ్యూటీ డాక్టర్ని లేపుతుంది. గ్లూకోజ్ ఎక్కించబోతుంటే "ముందు థయమిన్ ఇచ్చామా?" అని గుర్తుచేస్తుంది. ఏళ్లుగా తాగేవాళ్లలో ఆ విటమిన్ అడుగంటి ఉంటుంది, అది భర్తీ చేయకుండా వదిలేస్తే మెదడు శాశ్వతంగా దెబ్బతినొచ్చు. పొద్దున రిపోర్టులో మాత్రం ఒకే ముక్క ఉంటుంది: పేషెంట్ స్టేబుల్. అలాంటి ఒక్క రాత్రిని గంట గంటకీ ఆవిడ ఏం చేసిందో రాయండి. "అంకితభావం, సేవానిరతి, చిరునవ్వు" అని పేజీ నింపకండి. ఆ మాటలు ప్రతి దరఖాస్తులోనూ ఉంటాయి, ఎవరి మొహమూ గుర్తుండదు.

కౌన్సిలర్ విషయంలో డిశ్చార్జి తర్వాత ఏం చేశారో రాయండి. చాలామంది సెషన్ల లెక్క ఇచ్చి ఊరుకుంటారు. నిజానికి ఇంటికెళ్లిన తొలి వారాలే గండం. మానసిక వార్డు నుంచి వెళ్లినవాళ్లలో ఆత్మహత్య ముప్పు అప్పుడే ఎక్కువ. హెరాయిన్ లాంటివి వాడినవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది. కొన్నాళ్లు ఆపేసరికి శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఈ విషయం వెళ్లేముందు రోగికీ, ఇంట్లోవాళ్లకీ కూర్చోబెట్టి చెప్పారా? మొదటి వారంలోపు ఫోన్ చేశారా? ఎత్తకపోతే ఏం చేశారు?

ఇవి చిన్నపనుల్లా కనిపిస్తాయి గానీ చిన్నవి కావు. అమెరికాలో జెరోమ్ మాట్టో అనే సైకియాట్రిస్టు, ఆస్పత్రి నుంచి వెళ్లాక చికిత్స కొనసాగించనన్న 843 మందిని రెండు గుంపులు చేశాడు. ఒక గుంపుకి అప్పుడప్పుడూ చిన్న ఉత్తరాలు రాయించాడు, రెండోదానికి ఏమీ పంపలేదు. ఉత్తరాల్లో ఉన్నదల్లా ఎలా ఉన్నారో తెలుసుకోవాలనుంది, వీలైతే రెండు ముక్కలు రాయండి అన్న ధోరణే. రమ్మనలేదు, మందులు వేసుకోమనలేదు. మొదటి రెండేళ్లలో ఉత్తరాలు అందుకున్నవాళ్లలో ఆత్మహత్యలు తక్కువని 2001లో ప్రచురించిన ఫలితాల్లో తేలింది. మీ కౌన్సిలర్ ఇలాంటిదేదైనా తనంతట తానే చేస్తుంటే, కమిటీ ముందు పెట్టాల్సింది అదే.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. రోగి ఫొటోలు, ఏడుస్తూ కృతజ్ఞతలు చెప్పే వీడియోలు జతచేయకండి. "ఆయనే ఒప్పుకున్నాడండీ" అంటారు. చికిత్స చేస్తున్న చోట అడిగితే కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? పేరు తీసేసినా వయసు, ఉద్యోగం, కుటుంబం వివరాలు కలిపితే మనిషి ఎవరో తెలిసిపోతుంది. చికిత్స ముగిసి చాలాకాలమైనవాళ్లు ఇష్టపడి రాసిస్తే సంతకం లేని నాలుగు వాక్యాలు చాలు. కమిటీలో నాకు ఎక్కువ పనికొచ్చినవి అవే. అందులో ఫిర్యాదు ఒకటి ఉన్నా తీసేయకండి, నమ్మకం ఇంకా పెరుగుతుంది.

మీ సెంటర్‌లో ఒకప్పుడు తాగుడు మానుకుని ఇప్పుడు అక్కడే పనిచేస్తున్నవాళ్లు ఉండొచ్చు. వాళ్లని కూడా నామినేట్ చేయండి, అయితే వాళ్ల పాతకథని అనుమతి లేకుండా శీర్షికలోకి ఎక్కించకండి. ఇప్పుడు చేస్తున్న పని రాస్తే చాలు. టీమ్ విభాగం ఉంటే వార్డు అటెండర్లనీ, సెక్యూరిటీ మనిషినీ చేర్చండి. గేటు దగ్గర మొదట మాట్లాడేది ఆయనే కదా.

పంపేముందు డ్రాఫ్ట్ ఆ నర్సుకీ, కౌన్సిలర్‌కీ చూపించండి. వాళ్లకి ఇష్టం లేకపోతే ఆపేయండి. అభ్యంతరం లేకపోతే తేదీలు, మందుల పేర్లు వాళ్లచేతే సరిచూపించండి. మీరు ఎక్కువచేసి రాసిన చోట్లు వాళ్లే కొట్టేస్తారు, కొట్టేయనివ్వండి. పదాల పరిమితి దాటితే కొన్ని కమిటీలు చదవకుండానే పక్కన పెట్టేస్తాయి కాబట్టి ఆ నిబంధన ముందే చూసుకోండి. డ్రాఫ్ట్ తయారయ్యాక పేర్లు తీసేసి ఇక్కడ పెడితే నేనూ ఓసారి చదువుతాను.