నాన్నగారికి కుర్చీ యోగా చాలు, కపాలభాతి వద్దు

మీ నాన్నగారికి హార్ట్ ఫెయిల్యూర్, ఈఎఫ్ (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బయటికి పంపే రక్తం వాటా) 35 శాతం, విశాఖ ఆర్కే బీచ్‌లో యోగాకి వెళ్తానంటున్నారు, పంపొచ్చా అని అడిగారు కదండీ. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి బీచ్ నుంచి భోగాపురం దాకా చాపలు పరిచినప్పటి నుంచి మా వీధిలో పెద్దాళ్లకీ ఇదే సరదా!

కార్డియాలజిస్టు సరేనంటే పంపండి. ఊపిరి జోరుగా కొట్టే కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం, కాళ్లు పైకెత్తి భుజాల మీద నిలబడే సర్వాంగాసనం మాత్రం వద్దే వద్దు. మా అమ్మకీ ఇదే జబ్బు. డాబా మీద కుర్చీలో కూర్చుని, చేతులెత్తుతూ ఊపిరి పీల్చి, దించుతూ మెల్లగా వదులుతుంది. పది నిమిషాలు, అంతే. మధ్యలో నాతో రైతుబజార్ ధరలు మాట్లాడుతుంది. మాట తెగి ఆయాసం వచ్చిందా, ఆపేస్తాం.

శవాసనంలో వెల్లకిలా పడుకుంటే కొందరికి ఊపిరాడదు, వీపు కింద రెండు దిండ్లు పెట్టండి. లేచేటప్పుడు కాసేపు కూర్చుని లేవమనండి, ఈ గుండె జబ్బు మందులతో బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. మే నెల ఉక్కలో బీచ్ మానేసి ఇంట్లో ఫ్యాను కిందే చేయించండి.

యోగా చేస్తున్నారని ఒక్క మాత్రా ఆపకూడదు. రోజూ పొద్దున్నే బరువు చూడండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి. ఛాతీ నొప్పొస్తే 108కే.