కొత్త కారు ఊరికే షెడ్డుకు పోతాంటే ఏం చేయాలి?

ప్రశ్న: సార్, ఉగాదికి తిరుపతి షోరూంలో పన్నెండు లక్షలు పెట్టి ఆటోమేటిక్ కారు తీసుకున్యా. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు గేరు పట్టు వదిలేస్తాంది, ఇంజను మాత్రం అరుస్తాంది, బండి కదలదు, వెనకాల లోడు లారీ ఉంటే ఇంట్లో వాళ్ళంతా దేవుళ్ళకు మొక్కుకునేదే. షోరూమోళ్ళు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినామంటారు, మళ్ళీ అదే కథ. కాలిఫోర్నియాలో ఉండే మా బామ్మర్ది ఏమో 'లెమన్ లా (ఊరికే పాడయ్యే కొత్త బండ్ల మీద అక్కడుండే చట్టం) కింద కేసెయ్ బావా, కొత్త బండి ఇస్తారు' అంటాడు. మన దగ్గర కుదురుతుందా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: మీ బామ్మర్ది చెప్పింది నిజమేనన్నా, కాకపోతే అది అక్కడికే చెల్లుతుంది. కాలిఫోర్నియాలో కొన్న 18 నెలల్లోపు లేదా 18,000 మైళ్ళలోపు ఒకే రోగానికి నాలుగుసార్లు రిపేరు చేసినా, ప్రాణం మీదికొచ్చే రోగమైతే రెండుసార్లు చేసినా బాగుకాకుంటే, లేదంటే మొత్తమ్మీద 30 రోజులకు మించి బండి షెడ్డులోనే ఉంటే అది లెమనే, అంటే లోపమున్న బండే అని చట్టమే మీ పక్కన నిలబడుతుంది. మనకు అట్లా లెక్క కట్టి చెప్పే చట్టం లేదు, ఉండేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. దాని కింద బండి మార్చమనో డబ్బు వెనక్కిమ్మనో అడగొచ్చు, నష్టపరిహారం కూడా. అయితే తయారీలోనే లోపముందని చూపించే భారం మీదే. 2006లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో, వారంటీలో పాడైన పార్టు మార్చిస్తామని మాత్రమే రాసుంటే పార్టే మార్చాల, బండి మొత్తం కాదు అనింది. అందుకే వట్టిగా కొత్త బండి ఇయ్యమంటే పని కాదు.

మీ కేసంతా జాబ్ కార్డు మీదే, అంటే బండి సర్వీసుకిచ్చేటప్పుడు షోరూమోళ్ళు కంప్లైంటు రాసుకునే కాగితం మీదే నిలబడాల. చాలామంది దాన్ని చదవకుండానే సంతకం పెట్టేస్తారు, బండి తీసుకునే సర్వీసు అడ్వైజరు తెలివిగా 'జనరల్ చెకప్' అని గీకి పెట్టింటాడు, రేపు కోర్టులో కంపెనీ లాయరు అదే కాగితం చూపించి అసలు గేరు కంప్లైంటే రాలేదే అంటాడు. కాబట్టి 'ఘాట్ ఎక్కేటప్పుడు గేరు వదిలేస్తాంది' అని మీ మాటల్లోనే రాయించండి, కిలోమీటర్ల రీడింగు, బండి ఇచ్చిన తేదీ, తిరిగి తీసుకున్న తేదీ కూడా ఉండాల. రాయనంటే అక్కడే నిలబడి వాళ్ళకే మెయిల్ పెట్టేయండి. డ్యాష్‌బోర్డు కనపడేట్టు పక్కనోళ్ళతో వీడియో తీయించండి, డ్రైవింగ్ చేస్తా మీరు తీయొద్దు సామీ.

తర్వాత డీలరుకూ కంపెనీకీ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కూడా చెప్పి చూడండి, కొన్ని కేసులు అక్కడే తెగిపోతాయి. తెగకుంటే జిల్లా కన్జ్యూమర్ కమిషన్. బండి తిరుపతిలో కొన్నా మీరు కడపలో ఉంటారు కాబట్టి కడపలోనే వేయొచ్చు, కొత్త చట్టంలో నాకు బాగా నచ్చింది ఇదే. 50 లక్షల దాకా జిల్లాలోనే, మీ పన్నెండు లక్షల బండికి ఫీజు 400 రూపాయలు, లాయరు తప్పనిసరేం కాదు. లోపం తేల్చడానికి ఎక్స్‌పర్ట్‌తో పరీక్ష చేయించమని మీరే అర్జీ పెట్టండి, అది లేకుండా వాదిస్తే గాల్లో మాటలే అవుతాయి. పరీక్ష అవసరమైన కేసు 5 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ అంత తొందరగా అవుతుందని నేనైతే చెప్పను.

బండి ట్యాక్సీకి తిప్పుతాంటే మాత్రం అది మీ పొట్టకూటికేనని చూపించాల్సి వస్తుంది. ఇంకోటి, కేసు వేయడానికి గడువు 2 ఏళ్ళే, 'వచ్చే సర్వీసుకి చూద్దాంలే సార్' అని షోరూమోడు తిప్పుకుంటాంటే ఆ గడువు ఆగదు.