ఇరవై పాటల లిస్టు గురించి హారికకు

చి. హారికకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. మీ ఇంట్లో ఉండే ఐదుగురూ బ్రిటిష్, ఐరిష్ రాక్, పాప్ పాటల్లో తలా ఇరవై ఎంచి వరస కట్టాలనుకున్నారనీ, లెక్క చూసే పని నీ మీద పడిందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశావు. మిగతా నలుగురూ ఈ బ్రిటన్‌లోనే పుట్టి పెరిగినవాళ్లు కదా, నా లిస్టు చూసి నవ్వుతారేమో అని కూడా అన్నావు. ముందు ఆ మాటకు జవాబు చెబుతాను. ఆ పాటలు నీకు కొత్త కావడం లోటు కాదు. చిన్నప్పటి నుంచి నాన్న కారులో విన్న పాటను వాళ్లు ఇప్పుడు మొదటిసారి విన్నట్టు వినలేరు. నువ్వు వినగలవు. లెస్టర్‌లో ఇన్నేళ్లు ఆసుపత్రి ఉద్యోగం చేస్తూ, నైట్ డ్యూటీ దిగాక రేడియో వింటూ, తోటి నర్సులతో ఇలాంటి లిస్టుల మీద వాదించుకుంటూ నేను గట్టిగా నమ్మింది ఒకటే: లిస్టులో నీ చెవి ఒప్పుకున్న పాటలే ఉండాలి. ఆ పాటకు లోకంలో ఎంత పేరుందన్నది నీకు అనవసరం.

అన్నిటికంటే ముందు ఏ పాట లెక్కలోకి వస్తుందో, ఏది రాదో తేల్చుకోండి. గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. పుట్టిన ఊరు చూస్తే ఏమీ తేలదు. గాయకుడు క్లిఫ్ రిచర్డ్ 1940లో లక్నోలో పుట్టాడు. ఇంకో గాయకుడు ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ 1936లో మన మద్రాసులో పుట్టి మా లెస్టర్‌లో పెరిగాడు. క్వీన్ బ్యాండ్ పాటగాడు ఫ్రెడ్డీ మెర్క్యురీ జాంజిబార్‌లో పార్సీల ఇంట పుట్టి పంచగనిలో బోర్డింగ్ స్కూల్లో చదువుకున్నాడు. థిన్ లిజ్జీ బ్యాండ్ పాటగాడు ఫిల్ లైనట్ పుట్టింది ఇంగ్లండ్‌లోనే, కానీ మనిషి పూర్తిగా డబ్లిన్‌వాడు. అక్కడ హ్యారీ స్ట్రీట్‌లో ఆయన విగ్రహం కూడా ఉంది. పోగ్స్ బ్యాండ్ మొదలైంది లండన్‌లో, దాని పాటగాడు షేన్ మెక్‌గవన్ పుట్టింది ఇంగ్లండ్‌లోని కెంట్‌లో. అయినా ఆ పాటలు ఐర్లండ్‌వి కావని ఎవరంటారు? అందుకని పాడినవాళ్ల పాట ఎక్కడ పెరిగిందో అక్కడిదని లెక్క పెట్టుకోండి. రాసింది ఎవరైనా ఫరవాలేదు. 'నథింగ్ కంపేర్స్ టు యు' రాసింది అమెరికాకు చెందిన ప్రిన్స్. 1990లో షినేడ్ ఓకానర్ పాడాక లోకమంతటికీ అది ఆమె పాటే అయింది. అలాంటి పాటను బయటికి తోసే నియమం పెట్టుకోకండి.

లిస్టు పేరులో ఉన్న ఐరిష్ అనే మాటను కొసరులా చూడొద్దని మీ వాళ్లకు చెప్పు. డబ్లిన్‌వాళ్ల ముందు యూటూను బ్రిటిష్ బ్యాండ్ అంటే వాళ్లకు నొప్పిగా ఉంటుంది. ఐర్లండ్ వేరే దేశం, బ్రిటన్‌తో పోరాడి తెచ్చుకున్న దేశం. ఆ బాధ మనకు అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది? బ్రిటన్‌తోనే ఉండిపోయిన ఉత్తర ఐర్లండ్ సంగతి ఇంకా సున్నితం. అక్కడి వాళ్లకు ఊరి పేరు రాసి ఊరుకో: వాన్ మోరిసన్ బెల్‌ఫాస్ట్, అండర్‌టోన్స్ డెర్రీ. చాలు.

ఒక గాయకుడికో బ్యాండ్‌కో ఒక్క పాటే అనే నియమం మాత్రం తప్పకుండా పెట్టండి. లేకపోతే ఇరవైలో సగం బీటిల్స్ తీసుకుంటారు, శాండీ డెన్నీ లాంటి జానపద గాయనికి చోటు ఉండదు. పైగా ఒక్కటే ఎంచాల్సి వస్తే మనిషి నిజంగా ఆలోచిస్తాడు. బీబీసీ రేడియోలో 1942 నుంచి ఒక కార్యక్రమం నడుస్తోంది: ఒంటరి దీవికి వెళ్తే వెంట ఏ ఎనిమిది రికార్డులు తీసుకెళ్తావని అతిథిని అడుగుతారు. అన్నేళ్లుగా జనం దాన్ని వినడానికి ఒక కారణం ఆ ఎనిమిదే అనుకుంటాను. వందంటే ఎవరైనా చెబుతారు.

ఇక ఛార్టుల సంగతి, అంటే రికార్డుల అమ్మకాలను బట్టి వారం వారం కట్టే వరసలు. మీ వాళ్లలో ఎవరో ఒకరు "అది నంబర్ వన్ అయిన పాట" అంటూ వాదిస్తారు. ఆ మాటకు లొంగకు. ఈ దేశంలో అమ్మకాల ఛార్టు మొదటిసారి అచ్చయింది 1952 నవంబరులో, ఒక సంగీత పత్రికలో. ఆ తర్వాత 1969 దాకా ఒక్కో పత్రికది ఒక్కో ఛార్టు. 1963లో బీటిల్స్ 'ప్లీజ్ ప్లీజ్ మీ' రెండు పెద్ద పత్రికల్లో మొదటి స్థానంలో ఉంది, ఇంకో పత్రికలో రెండో స్థానం దగ్గరే ఆగింది. తర్వాత అధికారిక లెక్కలకు ఆ మూడో పత్రికనే తీసుకున్నారు. దాంతో ఇప్పటి రికార్డు పుస్తకాల్లో ఆ పాట నంబర్ వన్ కాదు. పాట అదే, కొన్న జనమూ వాళ్లే.

రెండో స్థానంలో ఆగిపోయిన పాటలు చూడు. 1967లో బీటిల్స్ వారి 'పెన్నీ లేన్', 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' రెండూ ఒకే రికార్డుకు రెండు వైపులా వచ్చాయి. దాన్ని పైకి వెళ్లనివ్వనిది ఇందాక చెప్పిన మద్రాసు బిడ్డ హంపర్‌డింక్ పాడిన 'రిలీజ్ మీ'. అదే ఏడు కింక్స్ వారి 'వాటర్‌లూ సన్‌సెట్' రెండు దగ్గరే ఆగింది. 1981లో అల్ట్రావాక్స్ 'వియన్నా', 1987లో పోగ్స్, కర్స్టీ మెకాల్ కలిసి పాడిన 'ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్', 1995లో షెఫీల్డ్ బ్యాండ్ పల్ప్ వారి 'కామన్ పీపుల్', అన్నీ రెండే. వాటిని ఆపిన పాటల్లో కొన్నిటి పేర్లు కూడా ఇప్పుడు చాలామందికి గుర్తు లేవు. లెడ్ జెప్లిన్ బ్యాండ్ 'స్టేర్‌వే టు హెవెన్' అయితే 1971లో ఆల్బమ్‌లో వచ్చింది, బ్రిటన్‌లో అప్పుడు సింగిల్‌గా, అంటే ఆ ఒక్క పాట రికార్డుగా విడిగా, అమ్మనే లేదు కనక ఛార్టు ఎక్కే ప్రశ్నే లేదు. 1976లో బీబీసీ రేడియో వన్‌లో పాటలు వేసే జాన్ పీల్ తన శ్రోతల ఓట్లతో యాభై పాటల లిస్టు మొదలుపెడితే మొదటి స్థానం దానికే వచ్చింది. ఆ పీల్ ప్రాణం పెట్టిన పాట అండర్‌టోన్స్ 'టీనేజ్ కిక్స్'. 1978లో దాన్ని రేడియోలో ఒకసారి వేసి, వెంటనే మళ్లీ వేశాడు. ఛార్టులో అది 31 దాటి పైకి రాలేదు. ఆయన సమాధి రాతి మీద ఆ పాటలోని మాటలే చెక్కి ఉన్నాయి. ఎవరైనా అమ్మకాల లెక్క చెబితే ఈ పాట వినిపించు.

ఇప్పుడు అసలు పని, వినడం. జ్ఞాపకం మీద వరస కట్టొద్దు. జ్ఞాపకంలో పాట పల్లవి మాత్రమే ఉంటుంది, అందుకే పల్లవి గట్టిగా ఉన్న పాటలన్నీ పైకి వచ్చేస్తాయి. లిస్టులో పెట్టాలనుకున్న ప్రతి పాటా మొదటి నుంచి చివరిదాకా, ఫోన్ స్పీకర్‌లో కాకుండా మంచి హెడ్‌ఫోన్స్‌తో విను. యూటూ 'వేర్ ద స్ట్రీట్స్ హావ్ నో నేమ్' ఆల్బమ్‌లో గొంతు మొదలవడానికి దాదాపు నిమిషం ముప్పావు పడుతుంది. దూరం నుంచి ఆర్గన్ వస్తుంది, దాని వెనక గిటార్ నెమ్మదిగా దగ్గరవుతుంది, తర్వాత డ్రమ్స్. ఆ ఎదురుచూపు లేకపోతే ఆ పాట సగమే. సింగిల్‌లో దాన్ని కుదించారు. అందుకే ఏ వెర్షన్‌కు ఓటు వేస్తున్నావో పక్కన రాయి. 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్' నిమిషం దగ్గర చెవి పెట్టి విను. వేగమూ శ్రుతీ వేరైన రెండు రికార్డింగులను బీటిల్స్ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్, రికార్డింగ్ ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ అక్కడ అతికించారు. తెలిశాక పాడిన జాన్ లెనన్ గొంతు బరువెక్కడం వినబడుతుంది. 'వాటర్‌లూ సన్‌సెట్' మొదట్లో మెట్టు మెట్టుగా దిగే బేస్ గిటార్ విను. ఇంత దగ్గరగా విన్నాక కూడా నచ్చితే ఆ పాట నీదే.

ఇరవై తేలాక వరస కట్టడానికి ఒకేసారి అన్నిటికీ అంకెలు వెయ్యకు. రెండేసి పాటలు తీసుకుని, ఈ రెంటిలో ఒకటే ఉంచుకోవాలంటే ఏది అని అడుగుకో. గెలిచినదాన్ని పైదానితో పోల్చు. ఒకరోజు పొద్దున, ఇంకోరోజు రాత్రి చెయ్యి, ఎందుకంటే పొద్దున గెలిచే పాటలు వేరు. ముసురు రాత్రి మెల్లగా పాడే నిక్ డ్రేక్ గెలుస్తాడు, బయట ఎండ కాస్తుంటే జోరుగా వాయించే జామ్ బ్యాండ్ గెలుస్తుంది. రెండు పూటలా పైనే ఉన్నవి పైన పెట్టు.

లిస్టు తయారయ్యాక ఒకసారి దూరంగా నిలబడి చూడు. అన్నీ 1965, 1975 మధ్య మగవాళ్లు గిటార్లతో పాడినవే అయితే నీ చెవి కంటే పాత పత్రికలే ఎక్కువ పనిచేశాయన్నమాట. కోటా పెట్టమని చెప్పడం లేదు, వినని చోటికి వెళ్లి వినమంటున్నాను. తను రాసి తనే పాడిన పాటతో ఇక్కడ నంబర్ వన్ అయిన మొదటి స్త్రీ కేట్ బుష్, 1978లో. ఆమె 'రన్నింగ్ అప్ దట్ హిల్' 1985లో మూడో స్థానం దాకా వెళ్లింది. ఒక సీరియల్‌లో వినబడ్డాక 2022లో, 37 ఏళ్ల తర్వాత, మొదటి స్థానానికి వచ్చింది. మీ వయసు పిల్లలే తెచ్చారు దాన్ని. బ్రిస్టల్ నుంచి వచ్చిన మాసివ్ ఎటాక్ బృందం 'అన్‌ఫినిష్డ్ సింపతీ'లో షారా నెల్సన్ గొంతు విను. మాకు దగ్గరి కొవెంట్రీ బ్యాండ్ స్పెషల్స్, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కట్టుకున్నది. 1981 జూలైలో ఊళ్లలో అల్లర్లు జరుగుతున్నప్పుడు వాళ్ల 'ఘోస్ట్ టౌన్' నంబర్ వన్‌గా ఉంది. అప్పటికి నేను ఈ దేశానికి కొత్త. మూతబడిన షాపుల వీధిలో నడుస్తూ కిటికీల్లోంచి ఆ పాట విన్నప్పుడు, పేపర్లు చదివితే అర్థం కానిది నాకు అర్థమైంది. మా లెస్టర్‌లో కట్టిన బ్యాండ్ కార్నర్‌షాప్, మన ఆశా భోంస్లే మీద 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా' చేసింది. డీజే నార్మన్ కుక్ రీమిక్స్ చేశాక 1998లో అది మొదటి స్థానం చేరింది. నాకైతే రీమిక్స్ కంటే నింపాదిగా నడిచే అసలుదే ఇష్టం.

ప్రతి పాటకూ రెండు వాక్యాల కారణం రాయమని అందరికీ చెప్పు. అద్భుతం, మాస్టర్‌పీస్ లాంటి మాటలు వద్దు. పాటలో ఎక్కడ ఏం జరిగితే నచ్చిందో రాయాలి. పాట వెనక కథ తెలుసుకోవడం మంచిదే. లిమెరిక్ బ్యాండ్ క్రాన్‌బెరీస్ 'జాంబీ' 1993లో వారింగ్టన్ బాంబు పేలుళ్లలో ఇద్దరు పిల్లలు చనిపోయాక డొలొరెస్ ఓరియర్డన్ రాసింది. అది తెలిస్తే ఆ అరుపు ఎందుకో తెలుస్తుంది. కానీ కథకు మార్కులు వెయ్యొద్దు. ఆ పాటలో గొంతు విరిగే చోటు కథ తెలియనివాళ్లనూ ఆపేస్తుంది, మార్కులు దానికి.

లెక్క ఇలా చెయ్యి. మొదటి పాటకు 20, రెండోదానికి 19, అలా ఇరవయ్యోదానికి 1. అందరివీ కూడు. ఒక్కరే మొదటి స్థానమిచ్చిన పాటకు 20 వస్తాయి. ఐదుగురూ పద్దెనిమిదో స్థానంలో పెట్టినదానికి తలా 3 చొప్పున 15. గాఢంగా ప్రేమించినది పైకి వచ్చింది చూశావా? ఉత్త ఓట్లు లెక్కపెడితే ఒకటికి ఐదు, తలకిందులయ్యేది. నాకు పాయింట్ల పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది. సమానం వస్తే ఎక్కువమంది ఎంచినదాన్ని పైన పెట్టు. ఉమ్మడి లిస్టు పక్కన ఐదుగురి సొంత లిస్టులూ ఉంచు, ఎందుకంటే ఉమ్మడి దాంట్లో అందరూ ఒప్పుకున్నవే మిగులుతాయి, మనుషులు కనబడరు.

అందరూ లిస్టులు నీకు పంపేదాకా ఎవరిదీ ఎవరికీ చూపించకు. చూస్తే మారుస్తారు, ముఖ్యంగా మొహమాటం ఉన్నవాళ్లు. చదివేటప్పుడు ఎవరి పాట మీదా నవ్వు రాకుండా నువ్వే చూసుకోవాలి. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. ఒకరు ఐరిష్ పాప్ గ్రూపు వెస్ట్‌లైఫ్ పాట పెట్టారనుకో, ముందు కారణం చదివించు, తర్వాత పాట పెట్టి ఐదుగురూ వినండి, ఆ తర్వాతే మాట్లాడండి.

నా మొదటి పాట ఏదని అడిగావు. ఇప్పుడు చెబితే నీ లిస్టులోకి వచ్చేస్తుంది, చెప్పను. ఐదు లిస్టులూ నీ చేతికి వచ్చిన రోజు ఫోన్ చెయ్యి, నా ఇరవై చదువుతాను, రాసుకో. నీ వాటిలో చోటు చాలక వదిలేసిన పాటలు కూడా ఒక కాగితం మీద రాసి పెట్టు. వాటి గురించి మాట్లాడాలని ఉంది.

ప్రేమతో,
పెద్దమ్మ
లెస్టర్