ఒంటె పిల్ల రెటీనా కడుపులోనే పూర్తిగా తయారవుతుందా?

పాతబస్తీలో ఒంటెల్ని చూశాక మీకొచ్చిన సందేహం మంచిదే. చాలావరకు అవుతుంది. రెటీనా అంటే కంటి లోపల వెనకవైపు వెలుగును పట్టే పొర, అది అసలు మెదడులో భాగమే. పిండం మెదడు ముందుభాగం నుంచి రెండు పక్కలా చిన్న బుడగలు పొడుచుకొస్తాయి. ఒక్కో బుడగ లోపలికి నొక్కుకుపోయి రెండు పొరల గిన్నెలా మారుతుంది. బయటి పొర నల్లరంగు పొరగా మిగులుతుంది. లోపలిది మందమై రెటీనా కణాలకు పుట్టిల్లవుతుంది. అందులో మొదట వచ్చేవి చూపు సంకేతాల్ని మెదడుకు పంపే గాంగ్లియాన్ కణాలు, వాటి పోగులే కంటి నరం. రంగుల్ని పట్టే కోనులు తొందరగా, మసక వెలుగులో చూపునిచ్చే దండాలు ఆలస్యంగా, వీటి సంకేతాల్ని గాంగ్లియాన్ కణాలకు అందించే బైపోలార్ కణాలు చివర్లో వస్తాయి. ఈ పని మధ్య నుంచి అంచులకు సాగుతుంది.

ఒంటె పిల్లను దాదాపు 13 నెలలు కడుపులో మోస్తుంది. అందుకే పిల్ల కళ్లు తెరిచే పుడుతుంది, కొన్ని గంటల్లోనే లేచి తల్లి వెంట నడుస్తుంది. కుక్కపిల్లలకైతే కళ్లు తెరుచుకోవడానికే సుమారు రెండు వారాలు పడుతుంది, రెటీనా ఎదుగుదల పుట్టాక కూడా సాగుతుంది.