రాత్రి చార్జింగ్ చౌకే, మరి సాయంత్రం కరెంటు?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని శాన్ రమోన్‌లో ఉంటున్నాం. కొత్తగా ఎలక్ట్రిక్ కారు కొన్నాం. రోజుకు 30 మైళ్లు తిరుగుతుంది. ఇక్కడి కరెంటు సంస్థ పీజీ అండ్ ఈ వారి ఈవీ2-ఏ ప్లానుకు (వేళను బట్టి కరెంటు ధర మారేది) మారమని మిత్రులు అంటున్నారు. వేసవిలో విజయవాడ నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. పగలంతా ఇంట్లోనే ఉంటారు. మారితే లాభమేనా?

జవాబు: కారు విషయంలో లాభమే. అయితే మీ ఇంట్లో సాయంత్రం 4 నుంచి రాత్రి 9 గంటల మధ్య ఎంత కరెంటు ఖర్చవుతుందో చూశాకే నిర్ణయించుకోండి. ఈ ప్లానులో అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం 3 దాకా ధర తక్కువ. ఆ సాయంత్రపు అయిదు గంటలూ, శని ఆదివారాలతో సహా, అత్యధికం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ ధర చౌక ధరకు దాదాపు రెట్టింపు ఉంటుంది. పగలు పుష్కలంగా దొరికే సౌరవిద్యుత్తు పొద్దు వాలేసరికి తగ్గిపోవడం, సరిగ్గా అప్పుడే జనం ఇళ్లకు చేరి ఏసీలు వేసుకోవడం ఇందుకు కారణం.

30 మైళ్లకు సుమారు 10 యూనిట్లు కావాలి. మామూలు 120 వోల్టుల ప్లగ్గుతో గంటకు 1.4 యూనిట్లు వచ్చినా, అర్ధరాత్రి మొదలుపెడితే తెల్లవారి 7 గంటల ప్రాంతానికి పని పూర్తవుతుంది. ఇల్లంతటికీ ఉన్న ఏసీ గంటకు మూడున్నర యూనిట్లు తీసుకుంటూ సాయంత్రం నాలుగు గంటలు నడిస్తే మాత్రం 14 యూనిట్లు, అంటే కారుకు పట్టేదానికంటే ఎక్కువే, అత్యధిక ధరకు కొన్నట్టవుతుంది. పైగా సాధారణ ప్లానుల్లో కొంత వాడకం వరకు దొరికే బేస్‌లైన్ రాయితీ ఇందులో లేదు.

పెద్దవారు పగలు ఇంట్లో ఉండడం వల్ల నష్టం లేదు, ఎందుకంటే 3 గంటల దాకా చౌక ధరే. ఆలోపే ఇల్లు బాగా చల్లబరిచి, బట్టలు ఉతకడం, ఎలక్ట్రిక్ పొయ్యి మీద వంట ముగించి, సాయంత్రం థర్మోస్టాట్‌ను రెండు మూడు డిగ్రీలు పెంచితే చాలు. బిల్లు కోసం వారిని ఉక్కలో కూర్చోబెట్టవద్దు. అది తప్పదనిపిస్తే ఈ ప్లాను మీకు సరిపడదు.

మీ ఆన్‌లైన్ ఖాతాలో గంటగంటకూ వాడకం కనిపిస్తుంది. గత వేసవి సాయంత్రాలను అందులో చూడండి. అక్కడి ప్లానుల పోలిక పాత వాడకం ఆధారంగా వేసేది కనుక, కొత్త కారుకు నెలకు పట్టే 300 యూనిట్లను మీరే కలుపుకోవాలి. చార్జింగ్ వేళను కారులో గాని, గోడ చార్జరులో గాని ఒక్కచోటే పెట్టండి. రెండింటిలోనూ వేర్వేరుగా పెడితే అసలు చార్జింగే మొదలుకాకపోవచ్చు.