ఈఎంఐ కోర్సా, ఏసీ పనా?

ప్రశ్న: నా వయసు 36. డిగ్రీ చదివాను. గుంటూరులో ఒక ప్రెస్సులో పద్నాలుగేళ్లు డీటీపీ చేశాను. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు, పెళ్లి కార్డులు, కరపత్రాలు తప్ప వేరే పని రాదు. దసరాకి ప్రెస్ మూసేశారు. మాది మంగళగిరి దగ్గర పల్లె, ఇద్దరు పిల్లలు. చేతిలో లక్షా ఇరవై వేలున్నాయి. మా బావమరిది అమీర్‌పేటలో డేటా అనలిటిక్స్ నేర్చుకోమంటున్నాడు. ఫీజు 75 వేలు, ఈఎంఐలో కట్టొచ్చట, ఉద్యోగం గ్యారంటీ అట. స్నేహితుడేమో ఏసీ మెకానిక్ పని నేర్చుకోమంటాడు. "డిగ్రీ చదివి నిచ్చెనలెక్కుతావా" అని ఇంట్లో గొడవ. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: 1999లో నాదీ మీ పరిస్థితే. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చినవాణ్ణి అమెరికా ఎగరేసుకుపోతుందని అందరూ అనేవారు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి 22 వేలు కట్టాను. నలభై మందికి ఆరు కంప్యూటర్లు. నా వంతు వచ్చేసరికి కరెంటు పోయేది. కోర్సు పూర్తయ్యేలోపే జనవరి ఒకటి వచ్చింది, వెళ్లింది. కంప్యూటర్లకు ఏమీ కాలేదు, గాజులు మాత్రం పోయాయి. సర్టిఫికెట్‌కి లామినేషన్ కూడా చేయించాను, దానికి పదిహేను రూపాయలు అదనం.

నాకంటే ముందు బ్యాచ్‌వాళ్లు ఏం చేస్తున్నారో అప్పుడు అడగలేదు. మీరు అడగండి. గోడ మీద ఫొటోలు కాదు, గత ఏడాది చేరినవాళ్లలో ముగ్గురి ఫోన్ నంబర్లు కావాలనండి. ముప్పై దాటాక చేరినవాళ్లు ఒక్కరైనా ఉండాలి. "ఎక్స్‌పీరియన్స్ పేపర్లు మేమే పెడతాం" అన్నారంటే చెప్పులేసుకుని వచ్చేయండి. అవి దొంగ పేపర్లు, వెరిఫికేషన్‌లో దొరికేది మీరు, వాళ్లు కాదు.

ఇక ఈఎంఐ. చాలాచోట్ల అది ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే వాయిదా కాదు, ఫైనాన్స్ కంపెనీ మీ పేరున రాసే అప్పు. మొత్తం డబ్బు ముందే ఇన్‌స్టిట్యూట్‌కి చేరుతుంది. మీరు మూడో వారం మానేసినా, వాళ్లు బోర్డు తిప్పేసినా కిస్తీ మీదే. కట్టకపోతే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది.

ఏసీ పనిలో నిచ్చెన నిజమే. మూడో అంతస్తులో గోడకు ఔట్‌డోర్ యూనిట్ బిగించాలి, మే నెల ఎండలో. వానాకాలం పని పలచబడుతుంది. కానీ ఆ పనిలో చేతి నేర్పు చాలా ఉంది. రాగి పైపు చివరను సన్నాయి నోరులా విప్పాలి. అక్కడ చిన్న గీత పడినా గ్యాస్ మెల్లగా కారిపోతుంది, పది రోజులకు కస్టమర్ ఫోన్ చేస్తాడు. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్32 గ్యాస్‌కి మండే గుణం ఉంది, ఆషామాషీగా ముట్టుకోకూడదు. పెళ్లి కార్డులో ఒక్క వత్తు తప్పకుండా చూసిన కన్ను మీది. ఇక్కడా అదే కావాలి.

రెండేళ్ల ఐటీఐ మీ ఇంటి ఖర్చులకు కుదరదు. పల్లె యువతకు ఉపాధి శిక్షణ ఇచ్చే కేంద్ర పథకం డీడీయూ-జీకేవైలో పురుషులకు మామూలుగా 35 ఏళ్లే పరిమితి, ఒక్క ఏడాదిలో తప్పిపోయింది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నాయి, ఆర్‌సెటి అంటారు. పల్లెవాళ్లకు శిక్షణ, భోజనం, బస అన్నీ ఉచితం. ఫ్రిజ్, ఏసీ రిపేరు ముప్పై రోజుల కోర్సు. జిల్లా కేంద్రంలో తదుపరి బ్యాచ్ ఎప్పుడో కనుక్కోండి. ముప్పై రోజుల్లో మెకానిక్ అయిపోరు, పనిముట్లు పట్టుకోవడం వస్తుంది. తర్వాత ఆరు నెలలు ఎవరి దగ్గరైనా హెల్పర్‌గా తిరగాల్సిందే.

అందుకే కోర్సు కంటే ముందు ఆ స్నేహితుడికి తెలిసిన మెకానిక్ వెంట నాలుగు రోజులు తిరగండి, కూలి అడగకుండా. ఎత్తంటే కళ్లు తిరుగుతాయో లేదో అక్కడే తేలిపోతుంది. డీటీపీ సిస్టమ్ మాత్రం అమ్మకండి, వానాకాలంలో అక్కరకొస్తుంది. సంక్రాంతి వెళ్లింది కాబట్టి ఈ వారమే కలవండి. మార్చి వస్తే ఏ మెకానిక్కూ ఫోనెత్తడు.